లోపలికి పీల్చిన అవును

ఔలు నగరం, ఫిబ్రవరి, రాత్రి పదకొండున్నర.
ఆసుపత్రి నేలమాళిగలో
పాత సర్వర్ ఇంకా వెచ్చగానే ఉంది.
పన్నెండేళ్లుగా ఈ ఊరి జ్వరాలూ పురుళ్లూ
దీని గొంతులోంచే ఫోన్లయి మోగాయి.
ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం నా ఉద్యోగం.
ముందు ఏరు దాటాలి కదా.

నాలుగు వేల నూట ఆరు నంబర్లు.
మందలు మందలుగా తోలాను కొత్త సర్వర్ వైపు.
పదిహేడు మొరాయించాయి.
ఒకదాని సర్టిఫికెట్ గడువు నిన్ననే తీరింది.
ఒకటి, రెండు వేల రెండువందల పద్నాలుగు,
దాని మనిషి పోయి ఆరేళ్లు.
వాయిస్‌మెయిల్లో మాత్రం ఇంకా
"ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తాను" అంటున్నాడు.
అతన్ని తరలించాలో వద్దో
ఏ మాన్యువల్లోనూ రాసి లేదు.
పక్కన పెట్టాను.

పొద్దున ఏడింటికి, ఇంకా చీకట్లోనే,
మొదటి ఫిర్యాదు:
మూడో అంతస్తు, స్విచ్‌బోర్డు, హిల్కా కెస్కిటాలో.

ఆమె బల్ల మీద ఉన్నది కంప్యూటర్ కాదు,
కంప్యూటర్ నీడ.
అసలుది ఆరువందల కిలోమీటర్ల దిగువన
ఎస్పోలో ఏదో రాతి కింద నడుస్తోంది.
ఇక్కడికి దాని బొమ్మ మాత్రం వస్తుంది.
హిల్కా ఇక్కడ పలికిన మాట
అక్కడిదాకా పోయి, వెనక్కొచ్చి,
గోడ అవతలి నర్సు చెవిలో పడుతోంది.
ముక్కేదంటే
తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు.

అది నాకు తెలిసిన రోగమే.
మాటను దగ్గరి దారిన పంపే చిన్న ప్లగిన్,
ఇక్కడ ఒక వెర్షన్, అక్కడ ఒక వెర్షన్.
రెంటినీ ఒక్కటి చేసి
కింది నుంచే ఫోన్ చేశాను.

"వినిపిస్తోందా?"
నిశ్శబ్దం.
"హిల్కా, నా మాట వినిపిస్తోందా?"
నిశ్శబ్దం.

లాగ్ చూశాను. ప్యాకెట్లు పోతున్నాయి, వస్తున్నాయి,
దారిలో ఒక్కటీ తప్పిపోలేదు.
హెడ్‌సెట్ మార్పించాను.
ఫైర్‌వాల్ చూసే ఆంటెరోని నిద్ర లేపాను.
"మా వైపు అంతా బాగానే ఉంది" అన్నాడు.
మా వృత్తిలో అందరం
కంఠతా పట్టిన వాక్యం అదొక్కటే.

చివరికి మెట్లెక్కాను.
ఆమె వెనక నిలబడి
నా ఫోన్లోంచి మళ్లీ అడిగాను.
అప్పుడు చూశాను.

ఆమె జవాబు చెబుతోంది.
ఇందాకటి నుంచీ చెబుతూనే ఉంది.
మా ఉత్తరాన అందరం చెప్పే పద్ధతిలో,
ఊపిరి లోపలికి లాక్కుంటూ:
"యో."
సగం మాట, సగం గాలి.
పెదాల మీద నడిచి
ఇంట్లోకి వెళ్లిపోయే అవును.

కొత్త సర్వర్ తెలివైనది.
రొదను ఏరి పారేయడం దానికి నేర్పారు.
ఊపిరిని రొద అనుకుంది.
పాతదానికి అంత బుర్ర లేదు.
దగ్గులూ, కుర్చీ కిర్రుమనడమూ,
బయట మంచు తోసే ట్రాక్టరూ,
అన్నీ మోసుకెళ్లి ఇచ్చేది.
వాటి మధ్యే ఎక్కడో అవును ఉండేది.

ఒక చిన్న గడిలో టిక్కు తీసేశాను. అంతే.
"వినిపిస్తోందా?"
"యో."
దాంతో పాటు ఎవరిదో చెంచా
కాఫీ కప్పులో తిరిగిన చప్పుడు కూడా.

టికెట్ మూసేటప్పుడు కారణం అడిగింది:
నెట్‌వర్క్, పరికరం, వాడేవారి పొరపాటు, ఇతరం.
ఇతరం నొక్కాను.

తలుపు దాకా వచ్చాక
హిల్కా తెరమీంచి కళ్లు తిప్పకుండానే అంది:
"రెండు వేల రెండువందల పద్నాలుగు.
రాత్రి పనిలో ఉన్నప్పుడు
అప్పుడప్పుడూ దానికి ఫోన్ చేస్తాను.
తౌనో అని, మత్తుమందు డాక్టరు.
శుక్రవారం పాతది ఆపేస్తారట కదా.
ఆ నంబరు ఉంటుందా?"

నాకు మాట రాలేదు.
ఊపిరి మాత్రం లోపలికి తీసుకున్నాను.

ఆమెకు వినిపించింది.